చారులు, వేగులవారు, వెంటాడువారు

సూరతు నగరములోని సలాబత్‌పురా జౌళి వర్తకమునకు ప్రసిద్ధి చెందిన పేట. గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ భాషలు ఆ ప్రాంతమున ఒకదానినొకటి ఒరసికొనుచుండును. తెలంగాణమునుండి మగ్గపు పనికై వలసవచ్చి సూరతులో స్థిరపడిన పద్మశాలి కుటుంబముల వలన తెలుగు పలుకు సైతము ఆ నగరమునకు పరాయిది కాదు. ఇన్ని భాషలు కలిసి మెలగు తావున ఒక్కొక్క మాట రెండు మొగములతో కనబడును. 'బాతమీదార్' అట్టి మాట. మరాఠీలో దానికి పత్రికా విలేఖరి యని అర్థము. గుజరాతీలో పోలీసులకు గుట్టుగా సమాచారము అందించువాడని అర్థము. రెండు భాషలలోను 'బాతమీ' యనగా తెలిసిన సంగతియే. ఒకడు దానిని పదిమందికి చాటును. రెండవవాడు ఒక్కని చెవిలో వేయును.

ఈ చిన్న భేదములో పెద్ద సాహిత్య సమస్య యొకటి ఇమిడి యున్నది. ఇతరులను రహస్యముగా కనిపెట్టువారికి, వారి వెనుక నీడవలె నడచువారికి భాష యిచ్చిన పేర్లు ఎవరి పక్షమునుండి పుట్టినవి? చూచి రమ్మని పంపిన వాని పక్షమునుండియా? చూచువాని పక్షమునుండియా? లేక తన వెనుక ఒక కన్ను ఉన్నదని ఎరుగక బ్రదుకుచున్న వాని పక్షమునుండియా? తెలుగు రచయితలును అనువాదకులును తరచుగా ఈ ప్రశ్న వేసికొనక, 'గూఢచారి' యను ఒక్క మాటతో అన్ని పనులను నడుపుకొనుచున్నారు. రాజనీతి గ్రంథములోని చారుడు గూఢచారియే; చలనచిత్రములోని వీరుడు గూఢచారియే; పొరుగువాని మాటను ఠాణాకు చేరవేయువాడును గూఢచారియే. మాట ఒక్కటియైనపుడు దాని వెంట వచ్చు నీతియు ఒక్కటియే యగును. చిక్కు అచ్చటనే యున్నది.

ఈ విషయమున తెలుగు సాహిత్యమునకు దొరకిన మొదటి ధనాగారము సంస్కృతము. అమరసింహుడు తన కోశమున ఏడు పేర్లు చెప్పెను: చరుడు, చారుడు, స్పశుడు, ప్రణిధి, అపసర్పుడు, గూఢపురుషుడు, యథార్హవర్ణుడు. చరుడనగా తిరుగువాడు. స్పశుడనగా చూచువాడు. యథార్హవర్ణుడనగా సమయమునకు తగిన వేషము తాల్చువాడు. అపసర్పుడను పేరు మాత్రము చప్పుడు కాకుండ జారిపోవు నడకను స్ఫురింపజేసి కొంచెము సందేహము కలిగించును. తక్కినవన్నియు ఉద్యోగనామములే. ఏడింటిలో నిందార్థకమైనది ఒక్కటియు లేదు.

వీనిలో స్పశ శబ్దము మిక్కిలి ప్రాచీనమైనది. ఋగ్వేదమున వరుణదేవునికి స్పశులు కలరు. అథర్వవేదమున వారు వేయి కన్నులతో భూమిని పరికించుచుందురు. ఇంగ్లీషువారి 'స్పై' యను మాటయు దీనికి దూరపు చుట్టమే. చూచుట యను అర్థము గల ఒకే మూలధాతువునుండి రెండును వచ్చినవి. దేవుడు చూచుచున్నాడన్న తలపు మనుష్యుని తప్పునుండి మరలించునని పూర్వుల విశ్వాసము. ఆ దైవాధికారమే కాలక్రమమున భూపాలునకు సంక్రమించినది. రాజు చారచక్షువు, అనగా చారులే కన్నులుగా గలవాడు అయ్యెను. మాఘకవి శిశుపాలవధమున ఉద్ధవుని నోట చమత్కారమైన శ్లేష యొకటి పలికించెను. పతంజలి మహాభాష్యములో మొదటి ఆహ్నికమునకు 'పస్పశ' యని పేరు. పస్పశ లేని శబ్దశాస్త్రము ఎట్లు శోభింపదో, స్పశులు లేని రాజనీతియు అట్లే శోభింపదని దాని భావము. వ్యాకరణమునకు ఉపోద్ఘాతము ఎంత సహజమో, ప్రభుత్వమునకు చారులు అంత సహజమని పండితులు నమ్మిన కాలమది.

ఆ నమ్మకమునకు శాస్త్రరూపము కౌటిల్యుని అర్థశాస్త్రము. చిరకాలము మరుగుపడియున్న ఈ గ్రంథము 1909లో శామశాస్త్రిగారి పరిష్కరణమున మైసూరులో అచ్చుపడినది. కౌటిల్యుడు గూఢపురుషులను రెండు తెగలుగా విభజించెను. ఒకచోట నిలిచి పనిచేయువారు మొదటి తెగ: విద్యార్థి వేషమున కాపటికుడు, సన్న్యాసమునుండి మరలిన ఉదాస్థితుడు, సేద్యము చేయు గృహపతికుడు, వర్తకుడైన వైదేహకుడు, జడధారియైన తాపసుడు. తిరుగుచు పనిచేయువారు రెండవ తెగ: సత్రి, తీక్ష్ణుడు, విషము పెట్టు రసదుడు, భిక్షుకి. ఈ పట్టికను నెమ్మదిగా చదివినవారికి ఒక సంగతి తోచకపోదు. పల్లెలో సామాన్యుడు నమ్మదగిన ప్రతి వేషమును ఇందున్నది. పాఠశాల, మఠము, పొలము, అంగడి, తపోవనము - అన్నియు రాజుగారి కన్నులే. ఇరుపక్షముల జీతమును తినువానికి కౌటిల్యుడు 'ఉభయవేతను'డను చక్కని పేరు పెట్టి, వాని ఆలుబిడ్డలను తన అదుపున ఉంచుకొమ్మని ప్రభువునకు బోధించెను. చారుని వలన ప్రభువునకు కలుగగల భయమును శాస్త్రము బాగుగ ఎరుగును. చారుని వలన ప్రజకు కలుగు భయము మాత్రము దాని లెక్కకు రాలేదు. పేర్లు పెట్టినవాడు సింహాసనము పక్కన కూర్చున్నవాడు గనుక అట్లే జరుగవలసియున్నది.

కవులు శాస్త్రకారులకంటె ఒక అడుగు ముందుకు వేసిరి. భారవి తన కిరాతార్జునీయమును ఒక వేగులవానితో ఆరంభించెను. బ్రహ్మచారి వేషమున దుర్యోధనుని పాలనను చూచివచ్చిన వనేచరుడు ధర్మరాజు ఎదుట నిలిచి, శత్రువు ప్రజలను చక్కగా పాలించుచున్నాడన్న చేదు నిజమును దాచక విన్నవించును. మేలును ఇంపును ఒక్క మాటయందే దొరకుట అరుదని ముందుగనే మనవి చేసికొనును. ఇచ్చట రహస్యముకంటె సత్యము ముఖ్యము. ఇట్టివానిని నేటి వాడుకలో 'గూఢచారి' యన్నచో భారవి ఉద్దేశించిన గౌరవము సగము జారిపోవును. 'వార్తాహరు'డనియో 'వేగులవా'డనియో అనుటయే అనువాదకునకు ధర్మము.

భవభూతి మరియొక వైపు చూపెను. ఉత్తరరామచరితమున దుర్ముఖుడను చారుడు సీతను గూర్చిన జనాపవాదమును రాముని చెవిలో వేయును. అతడు అబద్ధమాడలేదు, కల్పింపలేదు. విన్నది విన్నట్లు చెప్పెను. నిండుచూలాలైన ఇల్లాలు అడవుల పాలయ్యెను. వాల్మీకి ఉత్తరకాండమున ఈ వార్తను తెలుపువాడు భద్రుడు. అయితే తెలుగునాట జనశ్రుతిలో భద్రుడును లేడు, దుర్ముఖుడును లేడు, చాకలివాడొక్కడే మిగిలెను. తన ఇంటి గడపలో తన కోపమున ఒక మాట అన్నవానిపై నింద నిలిచినది. ఆ మాటను గోడచాటున విని కోటకు మోసినవాని పేరు మరుగున పడినది. గోడలకు చెవులుండునని సామెత చెప్పిన తెలుగువారే ఆ చెవులు ఎవరివని అడుగుట మరచిరి. కన్ను వేసినవానికంటె కంటబడినవాడే దోషియగుట ఈ విషయమునకు మొదటి ఉదాహరణము.

తెలుగునకు తన సొంత సొత్తుగా ఉన్న మాట 'వేగు'. వేగు చూచుట, వేగులవాడు, వేగరి - ఇవన్నియు దాని సంతానము. కన్నడమున ఇదియే 'బేహు', చారుడు 'బేహుగార'. తమిళమున 'వేవు'. మూడు భాషలకును ఉమ్మడిగా దక్కిన ద్రావిడ పదమిది. తమిళమున దీనితోడు 'ఒఱ్ఱన్' అను మాటయు కలదు. తిరుక్కుఱళులో 59వ అధికారము సాంతము ఈ ఒఱ్ఱును గూర్చియే. వేగను మాటయందు గూఢమను భావమునకంటె సమాచారమను భావము బలీయము. వేగు తెచ్చుట యనగా సంగతి తెలిసికొని వచ్చుట. ఈ గుణమున అది సంస్కృతపు చారునికంటె సూరతు అంగడిలోని బాతమీకి దగ్గరి చుట్టము. అరబ్బీ 'ఖబరు'నుండి వచ్చిన 'ముఖ్బిర్' అనునదియు ఈ కుదురులోనిదే. పారసీకమునుండి వచ్చిన 'హరకారా' మొగలాయీల కాలమున ఉత్తరములను మోయుచు, దారిలో చూచిన సంగతులనుకూడ మోయుచుండెను. వీరందరును వార్త యను సరకును మోయు కూలీలు. సరకు ఎవరి ఇంటికి చేరును, అచ్చట దానితో ఏమి చేయుదురు అను ప్రశ్నను ఈ మాటలు వేయవు.

ఆ ప్రశ్న వేయని మాటకు గల ప్రమాదమును సూరతు చరిత్రయే చెప్పగలదు. 1664 జనవరిలో ఛత్రపతి శివాజీ సూరతును కొల్లగొట్టెను. ఆనాటి సూరతు మొగలు సామ్రాజ్యమునకు ప్రధానమైన రేవుపట్టణము. వీర్జీ వోరా వంటి కోటీశ్వరుల నివాసము. దండు రాకకు పూర్వము ఆ పట్టణపు సిరిసంపదలను గూర్చిన కబురును శివాజీకి చేర్చినవాడు బహిర్జీ యని మరాఠా సంప్రదాయము చెప్పును. మరాఠీవారి వాడుకలో అతడు 'జాసూదు', 'హేరు'. మహారాష్ట్రమున నేటికిని అతని పేరు వీరగాథలలో మెరయును. నిర్బలుడైన ప్రభువు మహాసామ్రాజ్యమును ఎదుర్కొనుటకు తోడ్పడిన బుద్ధిశాలిగా కీర్తి నొందెను. ఆ కీర్తి అన్యాయము కాదు. అయినను అదే మనుష్యుడు సూరతు వర్తకుని గుమ్మమునుండి చూచినపుడు ఎట్లు కనబడెను? బేరము కొరకు వచ్చినట్లు, బిచ్చమునకు వచ్చినట్లు ఒకడు వచ్చి పోయెను; కొన్నాళ్ళకు ఇల్లు దోపిడి అయ్యెను. ఆ వర్తకుని దృష్టిలో అతనికి ఏ పేరు తగును? మరాఠీలో హేరు, సూరతువాని మనస్సులో దారి చూపిన దొంగ. చరిత్ర మొదటి పేరును నిలిపినది. సాహిత్యము రెండవ పేరును కూడ వినగల చెవిని పెంచుకొనవలెను.

అరబ్బీ భాష ఈ చెవిని కొంత పెంచుకొన్నదనవచ్చును. 'జాసూసు' శబ్దమునకు మూలమైన ధాతువునకు చేతితో తడవి చూచుట యని అర్థము. తడవబడు దేహమునకు కలుగు జుగుప్స ఆ ధాతువులోనే దాగియున్నది. ఖురాను 49వ అధ్యాయము ఇతరుల గుట్టు వెదకుటను, చాటున నిందించుటను ఒక్కచోటనే నిషేధించుట ఈ సందర్భమున గమనింపదగినది. చూచుట వేరు, తడవుట వేరు. స్పశుడు ఒకటి, జాసూసు ఒకటి. నిఘంటువులు రెంటిని సమానార్థకములుగా చూపినను, భావుకుడు రెంటిని ఒక్క తక్కెడలో వేయలేడు.

ఇరువదవ శతాబ్దమున తెలుగునాట రెండు మార్పులు వచ్చినవి. మొదటిది వినోదసాహిత్యము వలన కలిగినది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధరుడు వంటి పరిశోధకులు వేలకొలది పాఠకులకు ఆత్మబంధువులైరి. 'డిటెక్టివు' అను ఇంగ్లీషు మాట నిలిచియుండగనే 'అపరాధ పరిశోధకు'డను తెలుగు పేరును చలామణి అయ్యెను. ఆ పేరు మంచి పేరు. అపరాధము జరిగిన పిదపనే పరిశోధన మొదలగునను న్యాయము దానిలోనే యున్నది. అపరాధము లేనిదే మనుష్యుని వెనుక నడచుటకు పరిశోధకునకు అధికారము లేదు. 1966లో 'గూఢచారి 116' అను చలనచిత్రము రాగా గూఢచారి యను మాటకు వీరత్వపు కాంతి యంటుకొన్నది. అప్పటినుండి ఆ మాట విన్న బాలునకు చేతిలో తుపాకి, కంటికి నల్లద్దాలు గల వీరుడే స్ఫురించును గాని, తలుపు సందున తొంగిచూచువాడు స్ఫురింపడు.

రెండవ మార్పు రాజకీయ జీవనము వలన వచ్చినది. పరాయి ప్రభుత్వపు దినములలో 'సి.ఐ.డి.' యను మూడక్షరములు పల్లెలకు సైతము పాకి, కనిపెట్టి యుండు ఎవనికైనను సామాన్యనామమైనవి. తరువాతి కాలమున తెలంగాణము, ఆంధ్రప్రదేశములలోని అడవిపల్లెలలో 'ఇన్‌ఫార్మర్' అను మాట ప్రాణములు తీసెడి మాటయైనది. ఆ ముద్ర పడినవానిని ఒక పక్షమువారు చంపిరి. అందుకు నిరాకరించినవానిని రెండవ పక్షము అనుమానించినది. దాని పక్కనే 'కోవర్టు' అను మరియొక మాట వెలసి, నేడు రాజకీయ పక్షములలో ఒకరినొకరు తిట్టుకొను మాటయైనది. ఇంత ఘోరమైన పనిచేయు పదములకు తెలుగు పేర్లు ఏల కలుగలేదు? చారుడు, వేగులవాడు అను మాటలు ఎదుటనే యుండగా పల్లెజనము ఇంగ్లీషు మాటను ఏల పట్టుకొనెను? దానికి కారణము ఊహింపవచ్చును. చారుడనుటలో సిగ్గు లేదు. వేగులవాడనుటలో ద్రోహము లేదు. కూడ తిరిగి, కూడ తిని, ఆ తిండివాని మాటను అమ్ముకొన్నవానికి చెప్పదగిన మాట రాజాస్థానపు కోశమున దొరకదు. 'కొండెగా'డను దేశిపదము కొంత దగ్గరకు వచ్చును గాని, దాని నవ్వు ఈ విషాదమును మోయజాలదు.

ఇంతవరకు చెప్పినవారందరును ఎవరో పంపగా వచ్చినవారు. ఎవరును పంపక, తన కోరికయే ప్రభువుగా ఒక స్త్రీ వెనుక నడచువాని సంగతి వేరు. ఆమె వెళ్ళు దారిలో కాచియుండుట, ఆమె ఇంటివైపు చూచుచుండుట, వలదన్నను మాటలాడ యత్నించుట - ఈ పనిని 2013లో భారత శిక్షాస్మృతి 354-డి విభాగముగా చేర్చి నేరమని నిర్ణయించినది. 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహితలో ఇది 78వ విభాగము. మొదటి తప్పునకు మూడేండ్లవరకు, మరల చేసినచో అయిదేండ్లవరకు కారాగారము. శిక్షకంటె ఆ విభాగపు నిర్వచనము భాషాప్రియునకు ముఖ్యము. స్త్రీ తన అయిష్టమును స్పష్టముగా తెలిపిన పిదపను ఆమెను పదేపదే వెంబడించుట నేరమని శాసనము చెప్పుచున్నది. ఆమె ఇంటర్నెట్టు, ఈమెయిలు వంటి సాధనములను వాడుకొను తీరును కనిపెట్టుటయు నేరమే. అనగా వెంబడింపబడిన వ్యక్తి యొక్క మనస్సు ఈ విషయమున మొదటిసారిగా నిర్వచనములోనికి ప్రవేశించినది. కవులును కోశకారులును చేయని పనిని శాసనకర్తలు చేసిరి.

భాష మాత్రము ఇంకను వెనుకబడియున్నది. చాటుగా స్త్రీని చూచుటను, ఆమె చిత్రమును తీయుటను నేరముగా చెప్పు విభాగమునకు హిందీ శాసనపాఠములో 'దృశ్యరతికత' యని పేరు పెట్టిరి. చూచువాని రతి, చూచువాని ఆనందమే పేరునకు ప్రాణమైనది. చూడబడినదాని మానము పేరులోనికి రాలేదు. పత్రికల భాష ఇంతకంటె హెచ్చు తప్పు చేయుచున్నది. 2022 ఫిబ్రవరిలో సూరతు నగర శివారున ఒక యువకుడు తాను వెంటాడుచు వచ్చిన యువతిని ఆమె కుటుంబమువారి కన్నుల యెదుటనే చంపెను. అదే సంవత్సరము మే నెలలో సూరతు న్యాయస్థానము వానికి మరణదండన విధించినది. ఆ హంతకుని గూర్చి గుజరాతీ పత్రికలలో విరివిగా వాడబడిన మాట 'ఏక్‌తరఫీ ప్రేమ', అనగా ఒకవైపు ప్రేమ. ఇట్టి సంఘటనలే తెలుగునాట జరిగినపుడు పత్రికలలో కనబడు పేరు 'ప్రేమోన్మాది'. రెండు భాషలును హంతకుని చేతిలోని కత్తికి ప్రేమ యను ఒరను తొడిగినవి. ప్రేమ అతిశయించి ఉన్మాదమైనదని ఆ సమాసము చెప్పుచున్నది. అచ్చట మొదటినుండియు ప్రేమ లేదు. ఒకరిపై ఒకరికి అధికారము కలదను భ్రమ మాత్రమే యున్నది. సమాసము తప్పు చెప్పినచో, దానిని ప్రతిదినము చదువు యువకుని మనస్సు ఒప్పు ఎట్లు నేర్చుకొనును?

ఈ దోషము పత్రికలతోనే పుట్టినది కాదు. కావ్యములును దీనికి కొంత బాధ్యత వహింపవలెను. అభిజ్ఞానశాకుంతలము మొదటి యంకమున దుష్యంతుడు చెట్టు చాటున నిలిచి ఆశ్రమకన్యల ఏకాంతసంభాషణమును చూచును, వినును. పిదప వెలుపలికి వచ్చి, తాను రాజునని చెప్పక, ఆశ్రమముల ధర్మరక్షణకై నియుక్తుడైన ఉద్యోగినని పలుకును. వేషము మార్చుట, చాటున చూచుట, తన్ను తాను దాచుకొనుట - కౌటిల్యుని సంచారి లక్షణములు మూడును ఇచ్చట నున్నవి. కాళిదాసు ప్రతిభ వలన అది శృంగారమైనది. శకుంతల మనస్సు దుష్యంతుని వైపు మొగ్గినది గనుక సహృదయునకు దోషము తోచదు. అనుకరించినవారు కాళిదాసు ప్రతిభను వదలి చెట్టుచాటును మాత్రము పట్టుకొనిరి. తెలుగు చలనచిత్రములలో నాయకుడు నాయిక 'వెంటపడుట' నవ్వుగా, పాటగా మారి, ఆమె మొగము తిప్పుకొనుటయే అంగీకారమునకు తొలిమెట్టని తరతరముల ప్రేక్షకులకు నేర్పినది. శాసనము 'అయిష్టము' అన్నదానినే కథలు 'బెట్టు' అన్నవి.

అయినను తెలుగు సాహిత్యమునకు ఈ విషయమున దారి చూపగల గ్రంథము లేకపోలేదు. అది తిక్కన విరాటపర్వము. అజ్ఞాతవాసకథను సామాన్యముగా వేషముల వినోదముగా చదువుదురు. దానిని కంటబడరాని వారి కథగా చదివినపుడు మరియొక గ్రంథము ఎదుట నిలుచును. పదమూడవయేట బయటపడినచో మరల పండ్రెండేండ్ల అరణ్యవాసము. దుర్యోధనుని చారులు దేశదేశములు గాలించుచున్నారు. పాఠకుడు చారుల వెంట నడువడు; వెదకబడువారి గుండెచప్పుడునే వినుచుండును. ఆ భయములోనే ద్రౌపది సైరంధ్రియై విరాటుని అంతఃపురమున నుండగా కీచకుని కన్ను ఆమెపై పడినది. ఆమె వలదన్నది, ధర్మము చెప్పినది, భయపెట్టినది. రాణి సుధేష్ణ తమ్ముని పక్షము వహించి ఆమెను వాని ఇంటికే పంపినది. పారివచ్చి సభలో మొరపెట్టుకొన్నపుడు నిండుసభ యెదుటనే కీచకుడు ఆమెను తన్నెను. రాజు మాటలాడలేదు. భర్త మాటలాడరాదు. మాటలాడినచో చారుల వెదకులాట ఫలించును.

ఈ కథలో రెండు కన్నులు ఒకదానికొకటి తోడైనవి. రాజ్యము పంపిన కన్ను పాండవులను నోరెత్తనీయదు. ఆ మౌనమే కోరిక పంపిన కన్నునకు బలమిచ్చును. తుదకు రాత్రివేళ వంటశాలలో భీముని నిదురలేపి ఆమె తన కడుపుమంట చెప్పుకొనుట, నర్తనశాలలో కీచకుడు చచ్చుట లోకమెరిగినదే. ఆ మరణవార్తను కౌరవసభకు చేర్చినవారును ఆ చారులే. ఆమె తన్ను తాను రక్షించుకొనుటయే ఆమె ఆచూకీ బయటపడుటకు హేతువగునేమోనన్న కొత్త భయము పుట్టినది. వెంటాడబడు స్త్రీ ఠాణాకు పోయిన తన పేరు వీథిన పడునేమోయని నేడును వెనుకాడుట ఈ కథకు దూరము కాదు. భారతకథలో మరియొక కన్నును కలదు. ద్రౌపది ప్రార్థింపగా సూర్యుడు ఆమెకు కావలిగా ఒక రాక్షసుని అదృశ్యముగా నియమించును. వాడును రహస్యముగా వెంట నడచినవాడే. ఆమె కోరగా నడచినవాడు. వెంట నడచుట ఒక్కటే. కోరిక ఎవరిదన్న దానిని బట్టి ఒకడు కీచకుడు, ఒకడు కావలివాడు.

ఇచ్చట తెలుగు మాటల మూడవ ధనాగారము జ్ఞాపకము వచ్చును. మొదటిది రాజసభ, రెండవది వార్తల అంగడి, మూడవది వేట. పొంచుట, మాటువేయుట, కాపువేయుట, వెంటాడుట - ఇవి వేటగాని మాటలు. పిల్లి పొంచును, పులికై మాటువేయుదురు. ఈ మాటలు విన్నంతనే ఎదుట ఒక మృగము, దాని బెదురుకన్ను స్ఫురించును. రాజసభ మాటలలో చూడబడువాడు లేడు. అంగడి మాటలలో వాడొక సంగతి మాత్రము. వేట మాటలలో వాడు ప్రాణమున్నవాడు. 'వెంటపడు', 'వెంటాడు' అను క్రియలు రెండును ఒక్క 'వెంట'నుండి వచ్చినవే. మొదటిదానిలో చిలిపితనము చేరినది. రెండవది 'వేటాడు'నకు తోబుట్టువువలె వినబడి, నవ్వునకు తావియ్యదు. స్త్రీని ఆమె ఇష్టమునకు విరుద్ధముగా వెంబడించువానికి 'వెంటాడువా'డను మాట చాలును. 'ప్రేమోన్మాది'ని పత్రికలు విడిచిపెట్టినచో భాషకు ఏ నష్టమును లేదు.

అనువాదకులకును ఇందులో ఉపయోగము కలదు. మూలములోని మాటకు నిఘంటువు ఇచ్చు సమానార్థకమును వెదకుటకు ముందు, ఆ ఘట్టమున కథ ఎవరి భుజముమీదినుండి చూచుచున్నదో తెలిసికొనవలెను. ప్రభువు భుజము మీదినుండియైన చారుడు, ప్రణిధి. వార్తయే ముఖ్యమైన వేగులవాడు. నేరము జరిగిన పిదపనైన పరిశోధకుడు. నమ్మినవానిని అమ్మినవాడైన ద్రోహి యను మాటకు వెనుకాడరాదు. ఎదుటివాని భయమే ముఖ్యమైన పొంచినవాడు, వెంటాడువాడు. ఇన్ని మాటలుండగా ఒక్క గూఢచారిని అన్ని వాకిళ్ళకు పంపుట దారిద్ర్యము కాదు, సోమరితనము.

సలాబత్‌పురాలో బాతమీదారు ఒక భాషలో పత్రిక వ్రాయును, మరియొక భాషలో ఠాణాకు పోవును. ఆ మాటను విన్న తెలుగు నేతగాడు ఎవరు చెప్పుచున్నారో, ఎవరిని గూర్చి చెప్పుచున్నారో చూచి గాని అర్థము నిర్ణయించుకొనలేడు. పొట్టకూటికై పరభాషల నడుమ బ్రదుకువాడు దినదినమును చేయు ఈ పనిని, కలము పట్టినవారు తమ సొంత భాషలో చేయుట కష్టము కారాదు.